పలికే గోడ ఎటువైపు?

“దాన్ని పీకకు! జిగురు పెట్టి అంటించాం, ముక్కలైపోతుంది!” అని కొడుకు అరిచేసరికే అది కోడలి చేతికి ఊడి వచ్చేసింది.

వేలెడంత చెక్క మంటపం. దాన్ని అట్టపెట్టెలో వేసి, కోడలు రెండోదాని మీద చెయ్యి వేసింది. గుండ్రటి భోజనాల బల్ల నిండా పరుచుకున్న పార్కు నమూనాలోంచి తను చేసినవన్నీ ఏరుకుంటోంది.

“నేను చేసినవి నేను తీసుకెళ్తున్నాను. మామయ్యగారి చక్రాలు, ఉయ్యాలలు ఎక్కడివక్కడే ఉంటాయి. వాటి జోలికి పోను.”

“సాయంత్రం వాళ్లు ఫోన్ చేస్తారు. ఏ చోటో చెప్పాలి. ఇవాళే ఈ పని పెట్టుకోవాలా?”

“చెప్పండి. చెరువు పక్కనే అని మీరందరూ అనుకున్నారుగా. దానికి నా బొమ్మలతో పనేముంది?”

“అందరూ అంటావేంటి? నేనేమన్నాను?”

“నువ్వేమీ అనలేదు. అదే నా బాధ.”

కొడుకు పెళ్లాన్ని కాదనలేడు, తండ్రికి ఎదురు చెప్పలేడు. పసితనం నుంచీ గోడమీద పిల్లివాటమే.

వసారాలో పేపరు వెనక మామగారు కూర్చున్నారు. కానీ పేజీ తిరగేసి చాలాసేపయింది. చదువుతున్నది పేపరు కాదని తెలుస్తూనే ఉంది.

అత్తగారు ఇదంతా వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయారు. వంటింటికీ భోజనాల గదికీ మధ్య గోడలో, గిన్నెలు అందించుకోవడానికి కొట్టించిన చిన్న కిటికీ అది. ఈ ఇంటి తగాదాలు సగం ఆవిడ అందులోంచే చూశారు. మిగతా సగం అందులోంచే తీర్చారు. ఈసారి మాత్రం ఆవిడకి ఏం పాలుపోవడం లేదు.

ఇంతకీ ఆ పార్కు ఇంకా ఎక్కడా లేదు. సముద్రాలు దాటిన ఏదో దేశంలో కట్టాల్సిన పార్కు. అక్కడి కంపెనీ వాళ్లు రెండు చోట్లు చూపించారు. ఒకటి వదిలేసిన పాత రాళ్ల క్వారీ. రెండోది చెరువు పక్క పచ్చిక మైదానం. ఎక్కడ కట్టాలో మీరే తేల్చండి, కట్టేదీ మీరే అన్నారు. అలాంటి అదృష్టం ఎవరికి పడుతుందని చుట్టాలందరూ మెచ్చుకున్నారు. ఆ అదృష్టం తిన్నగా ఇంట్లోకి వచ్చి అందర్నీ జుట్టూ జుట్టూ పట్టుకునేలా చేసింది.

క్వారీ కోడలి కల. పిలిస్తే పలికే ఊరు కడతానంది. లోపలికి అడుగు పెట్టిన పిల్ల ‘ఓయ్’ అంటే, నిలువెత్తు రాతిగోడ ‘ఓయ్’ అని బదులివ్వాలి. గంట కొడితే నాలుగు గంటలు మోగాలి. ఒక్కడు నవ్వితే ఊరంతా నవ్వాలి. దానికి రాయి కావాలి, గోడ కావాలి. చెరువు గట్టున నిలబడి ‘ఓయ్’ అంటే ఎవరు పలుకుతారు, బాతులా?

ఆ కలకి మామగారి కిటికీ అడ్డుపడింది.

జెయింట్ వీల్స్ చేసి, పార్కులు కట్టి ఆయన తల నెరిసింది. ఏ పార్కు కట్టినా ముందు నమూనా తెచ్చి ఈ బల్ల మీదే పెడతారు. మధ్యాహ్నం నుంచి పడమటి కిటికీలోంచి ఎండ వస్తుంది. ఏ నీడ ఎక్కడ పడుతుందో కూర్చుని చూస్తారు. నీడ ముంచేసిన చోట పిల్లల మైదానం పెట్టరు. నమూనా మీద ఉత్తరం గుర్తు వేసే అలవాటు కూడా ఈ ఇంట్లో లేదు. కిటికీ ఉన్న వైపు పడమర, అంతే. ఆ దేశపు ఎండకి లెక్క వేరు నాన్నా అని కొడుకు ఒకసారి గొణిగితే, సూర్యుడు ఒక్కడే కదరా అని కొట్టిపారేశారు.

ఆయన అలా చూస్తుండగానే క్వారీ గోడ నీడ వచ్చి పిల్లల మైదానాన్ని నిలువునా మింగేసింది. ఇంకా సగం మధ్యాహ్నం మిగిలి ఉండగానే! కోడలు కంప్యూటర్లో వేసిన లెక్కలో మాత్రం పొద్దుగుంకేదాకా అక్కడ ఎండే.

అప్పుడు కోడలు ఇంట్లో లేదు. చివరిసారి చోటు చూసి రావడానికి ఆ దేశం వెళ్లింది. తిరిగొచ్చిన రోజు పెట్టె కూడా దింపకుండా, సంతోషం పట్టలేక నేరుగా చక్రాలు తయారుచేసే షెడ్డుకు వెళ్లింది. అక్కడ వెల్డింగు వాళ్లూ, రంగులేసేవాళ్లూ అందరూ వింటుండగా మామగారు ఒక మాట అనేశారు.

“కళ్లు మూసుకుని వేశావా, నీ క్వారీ నెగ్గాలని దొంగ లెక్క వేశావా?”

ఆ పూట నుంచి కోడలు ఈ గదిలోకి రాలేదు. భోజనం మేడ మీదే. వేరే కంపెనీ వాళ్లు ఎప్పట్నుంచో పిలుస్తున్నారు, వస్తానని చెప్పబోతున్నట్టు నిన్న మొగుడితో చెప్పింది. ఇవాళ మెట్లు దిగిందంటే అట్టపెట్టె పట్టుకునే దిగింది.

కోడలంటే అత్తగారికి వట్టి కోడలు కాదు. ఒకప్పుడు ఈ ఇంటి రంగులరాట్నాలన్నిటికీ గుడారాలు కుట్టింది ఆవిడే. ఆ సంగతి అందరూ మర్చిపోయాక, ‘అత్తయ్యా, ఈ మడత ఎలా కుట్టారు? నాకూ నేర్పరూ?’ అని అడిగిన మొదటి మనిషి ఈ పిల్ల.

ఆవిడ చేతులు తుడుచుకుని గదిలోకి వచ్చారు.

“ఒరేయ్, నువ్వు కాసేపు అవతలికి వెళ్లు.”

“నేనేం చేశానమ్మా?”

“ఏమీ చెయ్యలేదు. అందుకే వెళ్లు.”

కొడుకు తల గోక్కుంటూ వసారాలోకి వెళ్లాడు. అక్కడ తండ్రి ఉన్నాడని గుర్తొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

అత్తగారు కుర్చీ లాక్కుని కోడలి పక్కన కూర్చున్నారు. వెళ్లొద్దని అనలేదు. బతిమాలితే ఈ పిల్ల ఇంకా బిగుసుకుంటుందని ఆవిడకి తెలుసు.

“అమ్మాయ్, నాకు ఒక్కటి చెప్పు. అక్కడికి వెళ్లొచ్చావు కదా. ఎలా ఉందో ఎవరూ నిన్ను అడగలేదు. నేను అడుగుతున్నాను.”

కోడలి చెయ్యి మంటపం మీదే ఆగింది.

“ఇప్పుడెందుకు అత్తయ్యా?”

“వినాలని ఉంది. నేనెలాగూ చూడబోను.”

కోడలు మెల్లగా మొదలుపెట్టింది. మొదట పొడిపొడిగా, పోనుపోను ఆపుకోలేక.

“పెద్ద గిన్నెలో దిగినట్టుంటుంది అత్తయ్యా. కిందంతా గడ్డి. ఎవరూ లేరు. నేను పిల్లల మైదానం పెట్టాలనుకున్న చోట నిలబడ్డాను. సాయంత్రమైపోతోంది. ఎండ సూటిగా నా మొహం మీదే కొడుతోంది, కళ్లు తెరవలేకపోయాను. నా కుడిచేతి వైపు గోడ. అంత ఎత్తు గోడ! ఎండకి బంగారంలా ఉంది. అప్పుడు...”

“అప్పుడు?”

“నవ్వకండి. ‘అత్తయ్యా’ అని పిలిచాను.”

“నన్నా?”

“నోటికి అదే వచ్చింది. గోడ ‘అత్తయ్యా’ అంది. ఒక్కసారి కాదు, మూడు నాలుగు సార్లు. ఎవరో చాలామంది కోడళ్లున్నట్టు.” కోడలు నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చేసింది. “అలాంటి చోటు చూసొచ్చి మామయ్యగారికి చెబుదామని పరిగెత్తుకుంటూ వస్తే, దొంగ లెక్క అన్నారు.”

అత్తగారు ఓదార్చడానికి చెయ్యి చాచారు. ఆ చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

సాయంత్రం ఎండ మొహం మీద కొడుతోందంటే పిల్ల పడమరకి తిరిగి ఉన్నట్టు. పడమరకి తిరిగితే కుడిచేతి వైపు ఏముంటుంది? ఉత్తరం. మరి ఈ గదిలో ఉత్తరాన ఉన్నది? వంటిల్లు.

అంటే గోడ వంటింటి వైపు ఉండాలి. బల్ల మీద గోడ చూస్తే, పడమటి కిటికీకి అడ్డంగా నిలబడి ఉంది.

ఆ గోడని అక్కడికి తెచ్చింది ఎవరో అత్తగారికి బాగా తెలుసు.

కోడలు ఊరెళ్లే రోజు పొద్దున మొగుడి చేత నమూనా మోయించుకొచ్చి, బల్ల మీద సరిగ్గా అమర్చి, విమానానికి టైమవుతోందని పరిగెత్తింది. మామగారు షెడ్డులో ఉన్నారు, ఇంకా చూడలేదు. మధ్యాహ్నం అత్తగారు వంటింటి కిటికీలోంచి కూర గిన్నె అందించబోతే, మూరెడు ఎత్తు గోడ అడ్డం వచ్చింది. గిన్నె అటు పట్టదు, ఇటు పట్టదు. ఆవిడ విసుక్కుంటూ ఇవతలికి వచ్చి, నమూనా పలకని రెండు చేతులా పట్టుకుని గుండ్రటి బల్ల మీద ఒక పక్కకి తిప్పేశారు. అడ్డు తొలగిపోయింది. భోజనాలయ్యాక మళ్లీ తిప్పేద్దాంలే అనుకున్నారు.

ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయారు. ఆ సాయంత్రమే మామగారు వచ్చి నీడ చూడ్డానికి కూర్చున్నారు.

“ఏంటత్తయ్యా? అలా అయిపోయారేంటి?”

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. వాళ్లు పోట్లాడుకున్నారు, పిల్ల వెళ్లిపోయింది, అంతే అనుకుంటారు. చెబితే ఆయన పరువు ఏమవుతుంది? తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఇవన్నీ ఒక్క క్షణంలో ఆవిడ మనసులో తిరిగాయి. పిల్ల కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

“ఏమండీ!” అని అత్తగారు వసారాలోకి వినబడేలా కేక పెట్టారు. “ఒకసారి ఇలా రండి.”

పేపరు కదిలింది. మనిషి కదల్లేదు. “ఎందుకు?”

“నేను ఒక దరిద్రప్పని చేశాను. వచ్చి చూడండి.”

మామగారు వచ్చారు. కోడలి వైపు చూడకుండా బల్లకి అవతల నిలబడ్డారు. కోడలు కూడా ఆయన వైపు చూడలేదు. మధ్యలో పార్కు ఒక్కటే ఇద్దర్నీ చూస్తోంది.

“ఈ పలకని నేను తిప్పాను,” అన్నారు అత్తగారు కుండబద్దలు కొట్టినట్టు.

“ఏంటీ?”

“కూర గిన్నె పట్టలేదని తిప్పాను. మళ్లీ సరిచెయ్యడం మర్చిపోయాను. ఈ గోడ ఉండాల్సింది కిటికీ వైపు కాదు, వంటింటి వైపు. మీరు చూసిన నీడ ఆ దేశంలో పడే నీడ కాదు. నేను పడేసిన నీడ.”

కొడుకు గుమ్మంలోంచి ఒక్క అంగలో లోపలికి వచ్చాడు. “అమ్మా!”

“నువ్వు నోర్మూసుకోరా. ఆ పలక మోసింది నువ్వే. ఎటు పెట్టావో నీకు గుర్తుండొద్దూ?”

“నేను మోశానంతే. ఎటు పెట్టాలో తనే చెప్పింది.”

కోడలు వంగి నమూనాని అప్పుడు చూసింది. నిజంగా చూసింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని బొమ్మలు ఏరుకునే మనిషికి ఏ గోడ ఎటుందో ఎలా కనిపిస్తుంది? ఆమె చెయ్యి నోటి మీదికి వెళ్లింది.

మామగారు రెండు చేతులూ పలక మీద వేశారు. మెల్లగా, నీళ్లు నిండిన పాత్రని జరిపినట్టు, పలకని తిప్పారు. గోడ కిటికీకి అడ్డం తప్పుకుని వంటింటి వైపు వచ్చి నిలబడింది.

పడమటి కిటికీలోంచి వాలుగా వస్తున్న ఎండ నేరుగా పిల్లల మైదానంలోకి జారింది. గడ్డి కోసం అంటించిన ఆకుపచ్చ బట్ట మెరిసింది. గోడ మీద ఎండ పరుచుకుంది. దాని నీడ వెనక్కి, బల్ల చివరికి పోయింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

కొడుకు ఎత్తి, వాళ్ల భాషలో ఒకటి రెండు మాటలాడి, చేత్తో ఫోన్ మూసి అన్నాడు. “నాన్నా, వాళ్లే. చోటు ఏదో చెప్పమంటున్నారు.”

“ఆగమను.”

“ఆగమని ఏం చెప్పను?”

“ఎండ చూస్తున్నానని చెప్పు.”

కొడుకు ఏం చెప్పాడో గాని అవతలివాళ్లు ఆగారు. మామగారు కుర్చీలో కూర్చుని, గడ్డం బల్ల అంచుకి ఆనించి, ఆ బుల్లి మైదానంలోకి చూశారు. అక్కడ నిలబడ్డ పిల్లవాడి ఎత్తు నుంచి చూస్తున్నట్టు చూశారు.

“క్వారీ అని చెప్పు,” అన్నారు చివరికి.

“నాన్నా?”

“చెవుడా? క్వారీ! చెరువు వద్దు. క్వారీలోనే కడతామని చెప్పు.”

కొడుకు గొంతులోకి ఎక్కడలేని హుషారు వచ్చేసింది. ఫోన్లో అవతలివాళ్లతో నవ్వుతూ మాట్లాడుతూ వసారాలోకి వెళ్లిపోయాడు. అత్తగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో కూలబడి, చీర చెంగుతో మొహం తుడుచుకున్నారు. అమ్మయ్య, కొంప నిలబడింది.

అట్టపెట్టె కిర్రుమంది.

తలెత్తి చూస్తే కోడలు పెట్టెని మూసి చంకన పెట్టుకుంటోంది.

“అమ్మాయ్! ఇంకా ఎక్కడికి? నీ క్వారీయే నెగ్గింది కదా!”

“క్వారీ నెగ్గింది అత్తయ్యా. నేను కాదు.” కోడలి గొంతులో కోపం లేదు. అదే అత్తగారిని భయపెట్టింది. “గోడ ఇటు తిరిగింది కాబట్టి నేను మంచిదాన్నయ్యాను. తిరక్కపోతే? జన్మంతా దొంగలెక్కల మనిషినేగా? ఒక్కసారి, ‘ఎందుకు తేడా వచ్చిందమ్మా, చూద్దాం రా’ అని అడిగి ఉంటే చాలు. ఇద్దరం ఇక్కడ కూర్చుని చూసుకునేవాళ్లం.”

అత్తగారు మామగారి వైపు చూశారు. ఆయన నేల వైపు చూస్తున్నారు.

ఈ మనిషి నోట ‘తప్పు నాది’ అనే మాట రాగా ఆవిడ ఎప్పుడూ వినలేదు. కూరలో ఉప్పెక్కువైతే వండిన ఆవిడ తప్పు. ఉప్పు తక్కువైతే తినేవాడి ఖర్మ అన్నట్టుంటారు. ఇప్పుడు మాత్రం కొత్తగా పన్లో చేరిన కుర్రాడిలా కంగారుపడుతున్నారు.

“అమ్మాయ్,” అన్నారు మామగారు. “నేనేదో... ఆవేశంలో మాట తూలాను.”

“ఇక్కడ తూలలేదు మామయ్యా,” అంది కోడలు నెమ్మదిగానే. “షెడ్డులో అన్నారు. అందరి ముందూ.”

మామగారు పట్టుదలకు పోయే మనిషి. ముక్కు మీదే కోపం. ఇప్పుడు ఏమంటారో, వచ్చిన ప్రాణం మళ్లీ పోతుందేమోనని అత్తగారు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు.

మామగారు లేచారు. చెప్పులు వేసుకున్నారు.

“పదండి.”

“ఎక్కడికి?”

“షెడ్డుకి. మూసేసే వేళయింది, జనం వెళ్లిపోకముందే వెళ్లాలి.” గుమ్మం దాటి వెనక్కి తిరిగి భార్యతో అన్నారు. “నువ్వూ రా. పలక తిప్పింది నువ్వేగా. సగం తిట్లు నీకూ రావాలి.”

ఆ మాటకి అత్తగారికి నవ్వొచ్చింది. ఎన్నాళ్లకి నవ్వొచ్చిందో! పొయ్యి మీద ఏముందో, ఏ గిన్నెకి మూత లేదో ఏదీ చూసుకోకుండా బయల్దేరారు.

షెడ్డు వీధి చివరే. ముందు ఆయన, వెనక అత్తాకోడళ్లు, వాళ్ల వెనక ఇంకా ఫోన్ చెవికి అంటుకుపోయిన కొడుకు. లోపల వెల్డింగు నిప్పురవ్వలు, రంగుల వాసన, సగం బిగించిన జెయింట్ వీల్. రంగు ఆరడానికి కప్పుకి వేలాడదీసిన, జనం కూర్చునే ఎర్ర పెట్టెలు.

“మిషన్లు ఆపండి,” అన్నారు మామగారు.

ఒక్కొక్కటే ఆగాయి. అందరూ పనిముట్లు కింద పెట్టి చూశారు.

“మొన్న నేనిక్కడ మా కోడలిని ఒక మాటన్నాను. మీరందరూ విన్నారు.” ఆయన గొంతు సవరించుకున్నారు. మళ్లీ సవరించుకున్నారు. “ఆమె లెక్క సరైనది. నేను చూసిందే తప్పు. చూడ్డం ఒక్కటే కాదు, ఆమెని అడక్కుండా అనడం అంతకంటే తప్పు. తప్పు నాది.”

పాత వెల్డరు ఒకడు కళ్లద్దాలు పైకి తోసుకుని మరీ చూశాడు. తను విన్నది నిజమేనా అని పక్కవాడి మొహంలోకి చూసి రూఢి చేసుకున్నాడు.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి చల్లగా ఉంది. కానీ కోడలు దాన్ని వెనక్కి లాక్కోలేదు.

“మామయ్యా,” అంది కోడలు. “మీరు ఆ చోటు చూడకుండానే తప్పన్నారు. ఇప్పుడు కూడా చూడకుండానే ఒప్పన్నారు. రెండూ నాకు ఒకటే.”

అత్తగారు ‘అయ్యో, ఇంకా ఏంటే తల్లీ’ అనబోయి ఆగిపోయారు.

“వచ్చి చూడండి. నేను నిలబడ్డ చోట మీరూ నిలబడండి. ఎండ మీ మొహం మీద కొట్టాలి. అప్పుడు ఒప్పనండి. నేను ఎక్కడికీ పోను. ఆ కంపెనీ వాళ్లకి రానని ఇవాళే చెప్పేస్తాను.”

షెడ్డులో ఎవరూ కదల్లేదు. ఎందుకంటే అక్కడున్న ప్రతివాడికీ ఒక సంగతి తెలుసు, ఎవడూ పైకి అనడు. ఊరూరా జెయింట్ వీల్స్ నిలబెట్టిన ఈ మనిషి వాటిలో ఏనాడూ ఎక్కి కూర్చోలేదు. నిచ్చెన నాలుగో మెట్టు దగ్గరే ఆయనకి కళ్లు తిరుగుతాయి. విమానం మాటెత్తితే, పనులున్నాయని కొడుకునో కోడలినో పంపేస్తారు.

మామగారు తలెత్తి కప్పుకి వేలాడుతున్న ఎర్ర పెట్టెల్ని చూశారు. వెంటనే కళ్లు దించేసుకున్నారు. నుదుటి మీద చెమట తుడుచుకున్నారు.

“మధ్య సీటు ఉంటుందా?” అని అడిగారు.

“ఏంటి నాన్నా?” కొడుకు ఫోన్ కిందికి దించాడు.

“విమానంలోరా. మధ్య సీటు ఉంటుందా అని. ఉంటే నాకు అది తీసుకోండి. అటూ ఇటూ పట్టుకోవడానికి మన మనుషులుండాలి.”

ముందు ఆ పాత వెల్డరు నవ్వాడు. తర్వాత షెడ్డంతా నవ్వింది. రేకుల కప్పు కింద ఆ నవ్వు రెండింతలై తిరిగొచ్చింది. కోడలు అట్టపెట్టెని పక్కనున్న పని బల్ల మీద పెట్టేసి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని నవ్వో ఏడుపో తెలియకుండా ఊగిపోయింది.

“ఒక పక్క నేను కూర్చుంటాను మామయ్యా,” అంది.

రెండో పక్క ఎవరని ఎవరూ అడగలేదు. అందరూ అత్తగారి వైపే చూస్తున్నారు.